ఫోన్‌లో వేధింపు: దబీర్‌పురా అక్కాతమ్ముళ్ల సంవాదం

పిల్లల మధ్య సైబర్ వేధింపు అంటే ఒక పిల్లనో పిల్లవాడినో ఫోన్ ద్వారా, కావాలని, మళ్లీ మళ్లీ, ఎదురు తిరగలేని స్థితిలో పెట్టి బాధపెట్టడం. ఉద్దేశం, పునరావృతి, బలాబలాల తేడా అనే ఈ మూడు గుర్తులూ బడిలో జరిగే వేధింపును వర్ణించడానికి పుట్టినవే. నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వియస్ 1970ల నుంచి సాగించిన పరిశోధనతో ఇవి స్థిరపడ్డాయి. ఫోన్‌లోకి వచ్చాక మూడూ రూపు మార్చుకున్నాయి. బడిలో ఒకడు పది రోజులు ఏడిపిస్తే అది పునరావృతి. ఫోన్‌లో ఒకడు ఒక్కసారి పంపితే చాలు, మిగతా నలభై మంది తిప్పుతూ పోతారు. పది రోజుల పని ఒక్క రాత్రిలో అయిపోతుంది. బడిలో బలవంతుడంటే కండ ఉన్నవాడు, వెంట నలుగురున్నవాడు. ఫోన్‌లో బలవంతుడంటే ఎదుటివాళ్ల ఫొటో చేతిలో ఉన్నవాడు, తన పేరు దాచుకోగలిగినవాడు. ఇక ఉద్దేశం సంగతి అడిగితే దాదాపు అందరూ చెప్పే మాట ఒకటే: జోక్ చేశాం.

ఇంకో తేడా చోటుకు సంబంధించింది. బడిలో ఏడిపించినవాడు ఇంటి గడప దాకానే వెంటపడగలడు. హైదరాబాద్ పాత ప్రాకారానికి మిగిలిన రెండు దర్వాజాల్లో ఒకటి దబీర్‌పురాలో ఉంది, రెండోది పురానాపూల్ దగ్గర. రాత్రి ఆ తలుపులు మూస్తే బయటివాడు బయటే ఉండిపోయిన కాలం ఒకటుండేది. ఫోన్‌కు అలాంటి తలుపు లేదు, అది పిల్లతోపాటే దుప్పట్లోకి వస్తుంది. రాత్రి పదకొండుకు వచ్చిన మెసేజ్‌ను చూడకుండా ఉండటం పద్నాలుగేళ్ల వయసులో దాదాపు అసాధ్యం, ఎందుకంటే చూడకపోతే రేపు క్లాసులో అందరికీ తెలిసినది తనకొక్కదానికే తెలియదు.

వేధింపు రూపాలు ఏడాదికోసారి మారుతుంటాయి. క్లాసు గ్రూపు నుంచి ఒకరిని తీసేసి మిగతావాళ్లంతా కొత్త గ్రూపు పెట్టుకోవడం, బడి పేరుతో ఇన్‌స్టాగ్రామ్‌లో 'కన్ఫెషన్స్' పేజీ తెరిచి పేరు చెప్పకుండా ఎవరి మీదైనా రాయడం, ఒకరి ఫొటోతో నకిలీ ఖాతా నడపడం, ఆటల యాప్‌లలో మైకు ఆన్ చేసి బూతులు తిట్టడం, ముఖాన్ని వేరే ఒంటికి అతికించడం, ఇవన్నీ వాడుకలో ఉన్నవే. పాతబస్తీ పిల్లల గ్రూపుల్లో ఒకే వాక్యంలో దక్కనీ, తెలుగు కలిసిపోతాయి, రాసేది ఇంగ్లిషు అక్షరాల్లో. అలా రాసిన తిట్టు వీధిలో ఎవరికైనా అర్థమవుతుంది, కంపెనీల యంత్రాలకు మాత్రం పట్టుకోవడం కష్టం.

ఈ సంవాదంలో మాట్లాడేది ఇద్దరు. అక్క ముప్పై ఏళ్లు సర్కారు హైస్కూల్లో తెలుగు చెప్పిన టీచరు. తమ్ముడు పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులో వకీలు. పేర్లు ఈ వాదనకు అక్కర్లేదు, ఇద్దరూ కల్పిత పాత్రలే. వాదన గాలిలో నడవకుండా ఒక ఊహా సంఘటన తీసుకోవాలి. తొమ్మిదో తరగతి అమ్మాయి. బడి వార్షికోత్సవం గ్రూపు ఫొటోలోంచి ఆమె ముఖాన్ని ఎవరో కత్తిరించి వాట్సాప్ స్టిక్కర్ చేశారు. ముఖం చుట్టూ తెల్ల అంచు, పక్కన నిలబడ్డ స్నేహితురాలి చెవి సగం అలాగే ఉండిపోయింది, కింద ఒంటి రంగు మీద నాలుగు మాటలు. మూడు వారాలు గ్రూపులో ఎవరు ఏ తప్పు చేసినా జవాబుగా ఆ స్టిక్కరే. లెక్కల సారు సెలవు పెట్టినా అదే, వానొచ్చి బడి మూసినా అదే. తర్వాత ఒక కన్ఫెషన్స్ పేజీలో అదే ముఖంతో వేరే రాత మొదలైంది. మొదట స్టిక్కర్ చేసింది అదే గల్లీలో ఉండే పద్నాలుగేళ్ల పిల్లవాడు. ఫోన్ అమ్మాయిది కాదు, వాళ్లమ్మది.

తమ్ముడి మొదటి మాట ఆ ఫోన్ గురించే. "ముందుగాల ఫోన్ గుంజుకోవాలె అక్కా. చేతిల ఫోన్ లేకుంటే ఈ లొల్లి ఎక్కడిది?" ఈ వాదన తీసిపారేయదగ్గది కాదు. ఇన్‌స్టాగ్రామ్‌కు కంపెనీ పెట్టిన కనిష్ఠ వయసే 13. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కగట్టి, వాళ్ల సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. ఆస్ట్రేలియా 2024 నవంబరులో చట్టం చేసి, 2025 డిసెంబరు 10 నుంచి 16 లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలే ఉండకూడదంది. దేశాలే ఆ దారి పట్టినప్పుడు ఒక తల్లి తన ఇంట్లో అదే పని చేస్తే తప్పేమిటన్నది వకీలు ప్రశ్న.

అక్క జవాబు అనుభవం నుంచి వచ్చింది. "గుంజుకుంటే ఏమైతదో నేను జెప్త తమ్మీ. రేపటి సంది ఏ పిల్లా నోరు దెరువది." కోవిడ్‌తో బడులు మూతపడి ఉండగా 2020 సెప్టెంబరు 1న తెలంగాణ సర్కారు బడుల పాఠాలు టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్ల ద్వారా, ఫోన్ల ద్వారా మొదలయ్యాయి. ఇంట్లో ఒక్క ఫోనున్న చోట అది ఆ రోజు నుంచి పిల్లల పుస్తకమైంది, తర్వాత బడులు తెరిచినా ఆ అలవాటు పోలేదు. హోంవర్కు గ్రూపులో వస్తుంది, పరీక్షల టైంటేబుల్ గ్రూపులో వస్తుంది, ఫీజు గడువు కూడా గ్రూపులోనే. వేధింపు జరిగేదీ ఆ ఫోన్‌లోనే, ఒక్కోసారి ఆ గ్రూపులోనే. ఫోన్ తీసేస్తే వేధించేవాళ్ల గ్రూపు ఎప్పటిలాగే నడుస్తుంది, దానిలోంచి పోయేది వేధింపుకు గురైన పిల్లే.

ఆడపిల్ల విషయంలో ఆ నష్టం ఫోన్‌తో ఆగదు. ముందు ఫోన్ పోతుంది, తర్వాత ట్యూషన్ పోతుంది, ఆ తర్వాత 'ఇంటర్ ఎందుకులే' అన్న మాట ఇంట్లో మొదలవుతుంది, ఆ వెనకే సంబంధాలు చూడటం. ఇది ఒక మతానికో ఒక బస్తీకో పరిమితమైన సంగతి కాదు. యాకుత్‌పురాలో ఎంతో, ఏ జిల్లా కేంద్రంలోనైనా అంతే. పద్నాలుగేళ్ల పిల్లకు ఈ లెక్క బాగా తెలుసు. స్టిక్కర్ పడిన మొదటి రోజే ఆమె మనసులో రెండు తూకాలు వేసుకుంటుంది: చెప్పకపోతే పోయేది పరువు, చెబితే పోయేది చదువు. అందుకే మూడు వారాలు నోరు మూసుకుంటుంది. పెద్దలు తర్వాత 'ముందే ఎందుకు చెప్పలేదు' అని కోప్పడతారు. చెప్పిన పిల్ల మీద పడే శిక్షను ముందే రాసిపెట్టింది తామేనని వాళ్లకు తోచదు. ఏ చర్య మంచిది, ఏది చెడ్డది అని తేల్చడానికి అక్క పెట్టుకున్న కొలత ఒక్కటే: ఇది చూసిన ఇంకో పిల్ల రేపు వచ్చి చెబుతుందా, చెప్పదా? సైబర్ వేధింపు మీద రాసిన మార్గదర్శకాలను ఎన్ని తిరగేసినా ఇంతకంటే పనికొచ్చే కొలత దొరకడం కష్టం.

తమ్ముడు ఈ కొలతను ఒప్పుకున్నాడు గానీ వెంటనే దాన్ని తన వైపు తిప్పాడు. "సరే, జెప్పింది. జెప్పినంక ఏం జేస్తవు? ఊకుంటే గూడ ఇంకో పిల్ల చెప్పదు." ఇక్కడి నుంచి మాట మొదటి గంటలో చేయాల్సిన పనుల మీదికి మళ్లింది, ఇందులో ఇద్దరికీ పేచీ తక్కువ. పిల్ల తిరిగి తిట్టకూడదు. తిడితే రేపు ఆ తిట్టే అవతలివాళ్ల సాక్ష్యమవుతుంది. కోపంతో చాట్ మొత్తం డిలీట్ చేయకూడదు. పంపినవారి నంబరో ఖాతా పేరో, తేదీ, టైమూ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి. ఇన్‌స్టాగ్రామ్ పేజీ అయితే దాని లింకును కాపీ చేసి ఉంచుకోవాలి, ఖాతా పేరు మార్చేయడం నిమిషం పని. ఆ తర్వాతే బ్లాక్ చేయడం, యాప్‌లోనే రిపోర్టు కొట్టడం. కేసు కోర్టు దాకా వెళ్తే ఫోన్‌లోని సాక్ష్యానికి 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి, అందుకే అసలు ఫోన్‌లో అసలు మెసేజ్ ఉండటం ముఖ్యం.

ఒక చోట మాత్రం ఈ క్రమం పూర్తిగా మారుతుంది. వచ్చింది పిల్ల నగ్న చిత్రమైతే, లేక అలా మార్చిన బొమ్మయితే, దాన్ని భద్రపరచడమే ప్రమాదం. కంగారులో తల్లి దాన్ని మామకు పంపుతుంది, మామ తెలిసిన కానిస్టేబుల్‌కు పంపుతాడు, టీచరు ప్రిన్సిపాల్‌కు పంపుతుంది. ప్రతి ఫార్వర్డూ కొత్త వ్యాప్తి. పిల్లల లైంగిక చిత్రాలను పంపడం, దాచుకోవడం ఐటీ చట్టం 67బి కింద, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం కింద నేరం. అలాంటి దాన్ని దగ్గర పెట్టుకోవడం, తెలిసీ ఫిర్యాదు చేయకుండా ఉండటం ఎంత తీవ్రమైనదో 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఒక తీర్పులో గట్టిగా చెప్పింది. కాబట్టి ఆ బొమ్మను ఎక్కడికీ పంపకుండా, అది వచ్చిన ఫోన్‌నే పోలీసులకు చూపించాలి. బొమ్మ ఇంకా విస్తరించకుండా ఆపడానికి అమెరికాలోని తప్పిపోయిన పిల్లల సంస్థ ఎన్‌సీఎంఈసీ 2023లో ప్రారంభించిన 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. బొమ్మను అక్కడికి పంపనక్కర్లేదు. ఫోన్‌లోనే దానికొక అంకెల ముద్ర తయారవుతుంది, ఆ ముద్ర ఒక్కటే బయటకు వెళ్తుంది, ఆ సేవలో చేరిన కంపెనీలు ఆ ముద్రతో సరిపోలిన బొమ్మను తమ వేదికల మీద పట్టుకుంటాయి. 18 లోపు వయసులో తీసిన బొమ్మల కోసమే ఇది. నగ్న చిత్రం మీద బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తీసేయాలని 2021 నాటి ఐటీ నియమాలు మొదట కంపెనీలకు గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరి సవరణ ఆ గడువును రెండు గంటలకు తగ్గించింది. మొదటి రాత్రి ఇంట్లోవాళ్లకు ఇవి తెలిసి ఉండటం పిల్ల ప్రాణానికి సంబంధించిన విషయం.

పోలీసుల దగ్గరికి ఎప్పుడు వెళ్లాలన్న దగ్గర మళ్లీ ఘర్షణ. వకీలు నేరుగా స్టేషన్ అంటాడు. టీచరు బడిలో తేల్చుకుందామంటుంది. ఇద్దరి వాదనల్లోనూ సగం సగం సత్యముంది, ఆ సగాలు ఎక్కడ కలుస్తాయో చూడాలంటే చట్టంలోకి వెళ్లాలి.

భారతదేశంలో 'సైబర్ వేధింపు' పేరుతో ఒకే చట్టం లేదు. ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ ఒకప్పుడు ఆ పని చేసినట్టు కనిపించేది, ఎవరికి చిరాకు కలిగించే మెసేజ్ పంపినా దాని కింద అరెస్టు చేసేవాళ్లు. దాని మాటలు మరీ అస్పష్టమని, భావప్రకటనను నొక్కేస్తుందని శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. మిగిలినవి విడివిడి సెక్షన్లు. నకిలీ ఖాతాతో మోసగిస్తే 66సి, 66డి. ఒంటి రహస్య భాగాల చిత్రం తీస్తేనో పంపితేనో 66ఇ. ఆన్‌లైన్‌లో వెంటపడితే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78, ఆడవాళ్ల గౌరవానికి భంగం కలిగించే మాటలకు 79, బెదిరింపుకు 351. ఊహా సంఘటనలోని స్టిక్కర్ వీటిలో దేని కిందికీ సులువుగా రాదు. ఒంటి రంగు మీద ఎగతాళి పిల్లను కాల్చేస్తుంది, సెక్షన్‌కు మాత్రం చిక్కదు.

ఇక్కడ తమ్ముడు చాలామంది మరిచిపోయిన ఒక చట్టాన్ని బయటకు తీశాడు. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం. తెలంగాణలోనూ అమల్లో ఉంది. దీన్ని కాలేజీ సీనియర్ల గొడవగానే చూస్తారు గానీ దాని నిర్వచనం విద్య చెప్పే ఏ సంస్థకైనా సరిపోతుంది. విద్యార్థికి అవమానం, భయం కలిగించే పని సంస్థ లోపల జరిగినా బయట జరిగినా నిషేధమే. ఏడిపించినా, సిగ్గుపడేలా చేసినా ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి: ఫిర్యాదు వచ్చినా సంస్థ అధిపతి పట్టించుకోకపోతే నేరానికి తోడ్పడినట్టే లెక్క. వాట్సాప్ పుట్టకముందు రాసిన చట్టం రాత్రి పదకొండుకు పడే స్టిక్కర్‌కు కూడా వర్తించేలా ఉండటం గమనించదగ్గది. 'బడి గేటు బయట జరిగింది మాకు సంబంధం లేదు' అనే హెడ్మాస్టరుకు ఇది చాలు జవాబు.

"మరి ఆ పోరడు?" అని అడిగింది అక్క. "వాడూ నా క్లాసు పిల్లగాడే గద. పద్నాలుగేండ్లోనికి కేసు రాపిస్తే వాని బతుకేమైతది?" తమ్ముడు ఈ భయాన్ని చాలాసార్లు విన్నాడు, అందులో అపోహ ఎక్కువ. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 18 లోపు పిల్లవాడిని లాకప్‌లో పెట్టరు, బేడీలు వేయరు. 2016 నాటి నమూనా నియమాల ప్రకారం ఏడేళ్లకు తక్కువ కాని శిక్ష పడే ఘోర నేరమైతేనో, పెద్దలతో కలిసి చేసి ఉంటేనో తప్ప ఎఫ్ఐఆర్ కూడా రాయరు. జనరల్ డైరీలో రాసుకుని, కుటుంబ పరిస్థితుల నివేదికతో బాలల న్యాయ మండలికి పంపుతారు. మండలి కౌన్సెలింగ్ చెప్పించగలదు, సమాజసేవ చేయించగలదు, తల్లిదండ్రులతో జరిమానా కట్టించగలదు. రేపు ఉద్యోగానికో పాస్‌పోర్టుకో ఇది అడ్డం రాకూడదని చట్టమే చెప్పింది. హైదరాబాద్‌లో 2014 అక్టోబరు 24న మొదలైన పోలీసుల షీ టీమ్స్ కూడా పట్టుబడ్డ మైనర్లను తల్లిదండ్రుల ఎదుట కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేస్తుంటాయి. స్టేషన్ అంటే పిల్లవాడి జీవితం ముగిసినట్టేనన్న భయం వల్ల ఎన్నో ఫిర్యాదులు పుట్టకముందే ఆగిపోతున్నాయి.

అక్క వాదన కుప్పకూలే చోటు కూడా ఉంది, దాన్ని ఆమె దాచలేదు. పిల్ల మీద లైంగికమైన మెసేజ్ వచ్చినా, 'నీ బొమ్మ బయటపెడతా' అని బెదిరించినా అది బడిలో సర్దుకునే విషయం కాదు. 2012 నాటి పోక్సో చట్టం 11వ సెక్షన్ అసలు చిత్రంతోనే కాదు, కల్పిత చిత్రంతో బెదిరించినా లైంగిక వేధింపేనంటుంది. కృత్రిమ మేధతో బొమ్మలు మార్చడం ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లోనే చట్టంలో ఆ మాట పడింది. 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా శిక్ష, సంస్థ అధిపతికి ఏడాది దాకా. పిల్ల ఏడుస్తూ వద్దన్నా, తండ్రి చేతులు పట్టుకున్నా టీచరుకు ఇంకో దారి లేదు. అందుకే టీచరు పిల్లకు 'ఎవరికీ చెప్పను' అని ముందే మాటివ్వకూడదు. 'నీకు చెప్పకుండా ఎవరికీ చెప్పను' అనేదే ఆమె నిలబెట్టుకోగలిగిన మాట.

వెళ్లాల్సిన చోట్లు దూరమేమీ కావు. దబీర్‌పురాలో పోలీసు స్టేషన్ ఉంది. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, పరిధి కాదని తిప్పి పంపడానికి వీల్లేదు. స్టేషన్ మెట్లెక్కడానికి జంకేవాళ్లకు జాతీయ సైబర్ నేరాల పోర్టల్ ఉంది, ఆడవాళ్లు, పిల్లల మీద నేరాల విషయంలో అందులో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయవచ్చు. పిల్లల సాయానికి 1098, డబ్బు పోయిన సైబర్ మోసాలకు 1930, మనసు బాగా కుంగితే టెలీ మానస్ 14416. హైదరాబాద్‌లో 2016 మేలో తెరిచిన భరోసా కేంద్రంలో పోలీసు, వైద్యం, న్యాయ సలహా, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద దొరుకుతాయి, పిల్ల జరిగిందంతా నాలుగు చోట్ల నాలుగుసార్లు చెప్పుకోనక్కర్లేదు. పిల్ల చావు మాట ఎత్తినా, తిండి మానేసినా, చేతులు కోసుకున్న గుర్తులు కనబడినా మిగతావన్నీ పక్కనపెట్టి ముందు ఆ రాత్రి ఆమెను ఒంటరిగా వదలకూడదు.

మూడో దారి ఒకటి వీధిలో బాగా వినిపిస్తుంది: 'ఆ పిల్లవాడి ఫొటో పెట్టి అందరికీ తెలిసేలా చేయండి.' దీన్ని ఇద్దరూ ఒక్క గొంతుతో కాదన్నారు. 2020 మేలో ఢిల్లీ స్కూలు అబ్బాయిలు అమ్మాయిల ఫొటోల మీద అసభ్యంగా రాసుకున్న 'బాయ్స్ లాకర్ రూమ్' ఇన్‌స్టాగ్రామ్ గ్రూపు బయటపడినప్పుడు దేశమంతా ఆ అబ్బాయిల పేర్లు, ఫొటోలు పంచుకుంది. బాగా తిరిగిన ఒక సంభాషణ నిజానికి ఒక అమ్మాయి అబ్బాయి పేరుతో నకిలీ ఖాతా పెట్టి చేసిందని తర్వాత పోలీసులు తేల్చారు. ఆ రోజుల్లోనే ఆన్‌లైన్ ఆరోపణ ఎదుర్కొన్న ఒక బాలుడు గురుగ్రామ్‌లో ప్రాణం తీసుకున్నాడు. బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం కేసులో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడమే నేరం, అది బాధితురాలికీ వర్తిస్తుంది, నిందితుడికీ వర్తిస్తుంది.

వీధి ఇలా ఎందుకు ఆలోచిస్తుందన్న ప్రశ్న దగ్గర అక్క చాలాసేపు ఆగింది, ఆగాల్సిన చోటే అది. 'ట్రోల్' అన్న మాట తెలుగులో వినోదం పేరైపోయింది. హీరోల అభిమానులు ఒకరినొకరు ట్రోల్ చేసుకుంటారు, పార్టీల మనుషులు ఎదుటివాళ్ల ఇంటి ఆడవాళ్లను ట్రోల్ చేస్తారు, టీవీలో మాట తడబడిన ముసలాయన మర్నాటికి మీమ్ అవుతాడు. పెద్దలు నవ్వి, లైకు కొట్టి, ఫ్యామిలీ గ్రూపులో వేస్తారు. అదే సోఫాలో కూర్చున్న పిల్లవాడు స్టిక్కర్ చేయడం అక్కడే నేర్చుకుంటాడు. 2024 జులైలో ఒక తెలుగు యూట్యూబర్ తన బృందంతో కలిసి ఒక తండ్రీ చిన్న కూతురి వీడియో మీద లైంగికమైన వ్యాఖ్యలు చేసి నవ్వుకున్నాడు. నటుడు సాయి ధరమ్ తేజ్ దాన్ని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల దృష్టికి తీసుకెళ్లాక తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టింది, అతన్ని బెంగళూరులో అరెస్టు చేశారు. ఎవరో అడిగేదాకా అది 'రోస్ట్' పేరుతో చెలామణి అయింది. 2023 నవంబరులో నటి రష్మికా మందన్న డీప్‌ఫేక్ వీడియో దేశాన్ని కుదిపింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది గుంటూరు జిల్లాకు చెందిన 24 ఏళ్ల యువకుడిని. అతను ఆమె అభిమానుల పేజీ నడిపేవాడు, ఫాలోవర్లు పెరగాలని చేశానన్నాడని పోలీసులు చెప్పారు. ద్వేషం లేకుండానే ఇంత హాని చేయవచ్చు. పద్నాలుగేళ్ల పిల్లవాడు 'జోక్ చేసిన' అన్నప్పుడు అది అబద్ధం కాకపోవచ్చు, అందుకే వాడికి నేర్పాల్సింది ఇంకా ఎక్కువ.

నేర్పడం బడి పని. ఫిన్లాండ్‌లో టుర్కు విశ్వవిద్యాలయం బడుల్లో వేధింపును ఆపడానికి 2006 నుంచి రూపొందించిన కివా పద్ధతి వేధించేవాడి మీద కంటే చుట్టూ చూసేవాళ్ల మీద ఎక్కువ పనిచేస్తుంది. వేధింపు ఒక నాటకమైతే దానికి ప్రేక్షకులు కావాలి. ప్రేక్షకులు లేచి వెళ్తే నాటకం నిలవదు. తెలంగాణలో 2021లో పోలీసు మహిళా భద్రతా విభాగం, విద్యాశాఖ కలిసి సర్కారు బడుల్లో 'సైబర్ కాంగ్రెస్' పేరుతో విద్యార్థులనే సైబర్ అంబాసిడర్లుగా తయారుచేసే పని మొదలుపెట్టాయి. పిల్లలు పిల్లలకే ముందు చెప్పుకుంటారన్న లెక్క అందులో ఉంది, అది సరైన లెక్క.

తొమ్మిదో తరగతికి తిరిగి వస్తే, అక్క చేసే పనులు చిన్నవి. క్లాసు గ్రూపులో పిల్లలతోపాటు ఒక టీచరు కూడా అడ్మిన్‌గా ఉండటం. మొత్తం క్లాసును నిలబెట్టి ఉపన్యాసం ఇవ్వకుండా, ఆరుగురేసి పిల్లలను పిలిచి 'ఆమెకెట్లుందో ఎవరికి తెలుసు?' అని అడగడం. ప్రతి ఒక్కరి చేతా వాళ్ల ఫోన్‌లోని స్టిక్కర్‌ను వాళ్లతోనే తీసేయించడం. ఇంకెప్పుడైనా ఆ స్టిక్కర్ పడితే నవ్వకుండా 'తీసెయ్' అని ఒక్క మాట రాసే ఇద్దరిని ముందే మాట్లాడి ఉంచడం. అసెంబ్లీలో బలవంతపు క్షమాపణ ఆమె ఒప్పుకోదు. అక్కడ సిగ్గుపడేది మళ్లీ ఆ పిల్లే, మూడు వందల మంది తిరిగి చూసేది ఆమె వైపే. పిల్లవాడి తల్లిదండ్రులను విడిగా పిలిపించాలి, పిల్లతో విడిగా మాట్లాడాలి, ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి 'చేతులు కలపండి' అనకూడదు. వారానికోసారి, నెలకోసారి మళ్లీ అడగాలి, ఎందుకంటే కొత్త ఫోన్‌లో పాత బ్యాకప్ తెరిచిన రోజు ఆ స్టిక్కర్ కూడా తిరిగొస్తుంది.

తమ్ముడు ఒక్క షరతు మీద పట్టు వదల్లేదు: బడికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఉండాలి, తేదీతో, బడి సంతకంతో, ఒక ప్రతి ఇంట్లో. వేధింపు కన్ఫెషన్స్ పేజీ దాకా పాకింది కనుక పేజీ లింకుతో పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయాలి. ఆ పేజీ నడిపేది ఆ గల్లీ పిల్లవాడో, ముక్కూమొహం తెలియని పాతికేళ్లవాడో ఇంకా తేలలేదు, తేల్చడం టీచరు వల్ల కాదు. అక్క దీనికి ఒప్పుకుంది, ఒక మార్పుతో. కాగితం పిల్లే తన మాటల్లో రాయాలి. ఆమె రాసుకున్న కాగితంలో స్టిక్కర్ సంగతి రెండు లైన్లుంది, మిగతా పేజీ అంతా ఆ ఫొటో దిగిన రోజు తాను కట్టుకున్న పట్టు లంగా గురించి, అమ్మ దాన్ని ఎంత కష్టపడి కొన్నదో దాని గురించి.

చివరి పేచీ మళ్లీ ఫోన్ దగ్గరికే వచ్చింది. పేజీ మూతపడేదాకా, కనీసం పది రోజులు ఫోన్ తల్లి దగ్గరే ఉండాలంటాడు తమ్ముడు. ఖాతాను ప్రైవేటు చేసి, తెలియనివాళ్ల మెసేజ్‌లు ఆపేసి, 2025 ఫిబ్రవరిలో మన దేశంలోకి వచ్చిన ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్ అమరికలు పెట్టి, రాత్రి పది తర్వాత హాల్లో చార్జింగ్‌కు పెట్టే షరతుతో, అదే రోజు ఇచ్చేయాలంటుంది అక్క. ఆ షరతు ఇంట్లో పెద్దల ఫోన్లకు కూడా ఉండాలని చేర్చింది. దబీర్‌పురా రైల్వే స్టేషన్ మీదుగా ఫలక్‌నుమా వైపు ఎంఎంటీఎస్ రైలు వెళ్లేసరికి తమ్ముడు ఆ ఒక్కటీ ఒప్పుకున్నాడు. సమ్మెటివ్ పరీక్షల టైంటేబుల్ ఆ సాయంత్రమే క్లాసు గ్రూపులో పడింది.